చెరువూ కావ్యమూ ఒకే వరసలో: నీళ్లు, కళ, మన పాత తెలివి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఏడెనిమిది మందిమి. నెలకో ఆదివారం హైదరాబాదులో చెరువుల వెంట నడుస్తాం. ఉన్న చెరువుల వెంట, లేని చెరువుల వెంట కూడా. నడక అయ్యాక ఏ చెట్టు కిందో కూర్చుని చూసినదాన్ని బట్ట మీద గీస్తాం. గీస్తూ వాతావరణ మార్పు గురించి, మన పాత నీటి తెలివి గురించి మాట్లాడుకుంటాం. ఈ పనిని ‘వలసపాలన పట్టు నుంచి జ్ఞానాన్ని విడిపించడం’ అని కూడా అంటుంటాం. మాలో ఒకరు డ్రాయింగ్ టీచరు, ముగ్గురు సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు, మిగతావాళ్లం ఏదో ఒకటి చేసుకునేవాళ్లం. రిజిస్ట్రేషను, లెటర్‌హెడ్డు లాంటివి లేవు. కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒక చోట రాసి పెడుతున్నాను. జవాబులు నావి. కొన్నింటికి మావాళ్లే ఒప్పుకోరు.

వాతావరణ మార్పుకూ బొమ్మలు వేసుకోవడానికీ ఏం సంబంధం?

పాత తెలుగు శాసనాల్లో, కావ్యాల్లో ‘సప్త సంతానాలు’ అనే మాట వస్తుంది. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టేవి ఏడు: కొడుకు, చెరువు, కావ్యం, గుడి, తోట, అగ్రహారం, పాతిపెట్టిన నిధి. జాబితాలో కొడుకున్నాడు, కూతురు లేదు. అగ్రహారం ఉంది, వాడల ఊసు లేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు ఒకటి గమనించండి: చెరువు తవ్వించడం, కావ్యం రాయించడం ఒకే వరసలో ఉన్నాయి. రెండూ పది తరాలకు పనికొచ్చే పనులుగా చూశారు. నీళ్లు ఒక శాఖకి, కళలు ఇంకో శాఖకి అని పంచుకున్నది ఆ తర్వాతే.

ఇక ఇప్పటి సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వారం రోజులు పడాల్సిన వాన ఒక్క రాత్రిలో పడటం పెరుగుతోంది. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. ఈ లెక్క చెబితే ఎవరూ కాదనరు. ఎవరూ కదలరు కూడా. అదే మనుషుల చేతికి బొగ్గుముక్క ఇచ్చి, ఆ రాత్రి మీ వీధిలో నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయో గీయమని అడగండి. గంటసేపు వాదించుకుంటారు. ‘కాదు, ముందు కిరాణా షాపు పక్క నుంచి వచ్చినయ్’ అని ఒకరి చేతిలోంచి ఒకరు బొగ్గు లాక్కుంటారు. ఆ వాదన కోసమే ఈ బొమ్మలు.

‘వలసపాలన పట్టు నుంచి జ్ఞానాన్ని విడిపించడం’ అంటున్నారు. తేలిక మాటల్లో చెప్పండి.

నిజంగానే బరువైన మాట. మా తహసీల్దారు గారు దీన్ని ఒకే ఒక్క పదంతో విడమరిచారు: శిఖం.

తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో చెరువు నీళ్లు నిలిచే భూమిని శిఖం అంటారు. ఫారసీలో ‘శికమ్’ అంటే కడుపు. చెరువుకు కడుపు ఉంటుంది. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. తగ్గినప్పుడు అక్కడ దోసకాయలో, కర్బూజలో పండించుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టకూడదు. ఒక్క మాటలో ఇంత ఉంది. ఇప్పుడు అందరి నోట్లో ఉన్న మాట ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవల్), అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే హద్దు. అది ఒక గీత. గీత అవసరమే, కోర్టులో నిలబడేది గీతే. కాని గీతకు అడుగు ఇవతల స్లాబు వేసినవాడికి చెరువు మీద చెయ్యి వేశానని అనిపించదు. కడుపు అనే మాట తెలిసినవాడికి గీత లేకపోయినా తెలుస్తుంది.

ఇంకో మాట, పోరంబోకు. పన్ను రాని, పట్టా లేని, ఊరంతా వాడుకునే జాగా: వాగు, బాట, చెరువు, పశువుల బీడు. మాట పాతదే. శిస్తు ఒక్కటే కొలతగా చూసిన పాలనలో పన్ను రాని భూమి పనికిరాని భూమి అయింది. అక్కణ్ణుంచి పనికిరాని మనిషిని తిట్టే తిట్టయింది. చిన్నప్పుడు నేనూ ఆ తిట్టు బాగానే తిన్నాను. నన్ను చెరువుతో సమానం చేస్తున్నారని అప్పుడు తెలియదు.

ఎవరి తెలివి లెక్కలోకి వచ్చింది, ఎవరిది లెక్కలోంచి తీసేశారు, తీసేస్తే ఎవరికి లాభం కలిగింది అని అడగడమే ఈ పని. అడిగాక పాతదాన్ని తిరిగి తెచ్చుకోవాలా వద్దా అన్నది వేరే సంగతి.

హైదరాబాదును బ్రిటిష్‌వాళ్లు నేరుగా పాలించలేదు కదా?

పాలించలేదు. కోఠీలో రెసిడెన్సీ ఉండేది, రాజ్యం నిజాంది. అందుకే ఇక్కడి కథ దారంలా తిన్నగా ఉండదు, చిక్కుపడి ఉంటుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. 15 వేల మంది దాకా పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ నీళ్లలో పోగొట్టుకున్నాడు. ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే. తర్వాత ఆ వరద మీద కవిత రాశాడు. మా నడక ఎప్పుడు ఆ చెట్టు దగ్గరికి పోయినా ముందు అంజద్ గురించి చెబుతాం, తర్వాతే క్యూసెక్కుల గురించి. మొదట్లో తిరగేసి చెప్పేవాళ్లం. వినేవాళ్లు ఫోన్లు తీసేవారు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి వరద నుంచి కాపలా అవే, తాగునీళ్లూ అవే. నిజాంసాగర్ కట్టించిన అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో చదివాడు. ఆయన పుట్టినరోజు జులై 11ని మనం తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాం. ఎక్కడ పుట్టిందో చూసి ఒక విద్యను మంచిదో చెడ్డదో అనలేం. 1911–15 మధ్య లెనార్డ్ మున్ అనే అధికారి నగరాన్ని సర్వే చేయించి గీయించిన పటాలే మా నడకలకు పెద్ద ఆధారం. తెల్లదొర గీయించిన పటం పట్టుకుని పోయిన కుంటను వెతుక్కుంటున్నాం. ఇలాంటి చోట నినాదాలు పనిచేయవు.

మరి పోయిందేమిటంటే, తెలిసినవాళ్ల సంఖ్య. ఊళ్లో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ఏ పొలానికి ఏ పూట పెట్టాలి, కట్ట ఎక్కడ మెత్తబడుతోంది అన్నీ అతని కాళ్లకూ చేతులకూ తెలుసు. రైతుకు కొంత తెలుసు, చేపలు పట్టేవాళ్లకు కొంత, చాకలివాళ్లకు కొంత. ఆ తెలివంతా మెల్లగా ఒక ఫైల్లోకి, ఒక ఆఫీసులోకి పోయింది. నగరానికి మంజీరా వచ్చింది, తర్వాత కృష్ణ, గోదావరి వచ్చాయి. వంద కిలోమీటర్ల అవతలి నుంచి పైపులో నీళ్లు వస్తుంటే ఆకాశం వైపు చూడాల్సిన పనేముంది? నల్లా వచ్చిందా లేదా అనే చూస్తాం.

అంటే ఇంజనీర్లు వద్దంటారా?

వద్దని ఎవరన్నారు. మా ముగ్గురు సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఇద్దరు సివిల్ చదివారు.

రాసిపెట్టిన పాత నీటి శాస్త్రం ఏమైనా ఉందా, లేక అమ్మమ్మల సామెతలేనా?

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించాడు. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. అసలు గొప్ప అది కాదు. మంచి చెరువుకు కావాల్సినవి పన్నెండు, తప్పించుకోవాల్సిన దోషాలు ఆరు అని లెక్కపెట్టి చెప్పారు. గట్టి నేల, తీపి నీటి నది, దాన్ని ఆనుకున్న కొండలు, రెండు కొండల మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు... ఇలా సాగుతుంది.

దోషాల జాబితా నాకు మరీ ఇష్టం. కట్టలోంచి నీళ్లు కారడం, చౌడు నేల, చెరువు మధ్యలో మెట్ట. వీటితో పాటు రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం కూడా దోషమే! అంటే నీళ్ల తగాదాలు కూడా సైటు ఎంపికలో భాగమే. తక్కువ నీళ్లకు ఎక్కువ ఆయకట్టు పెట్టుకోవడం ఒక దోషం, చిన్న చోటులో ఎక్కువ నీళ్లు నిలపడం ఇంకో దోషం. ఈ ఆఖరి రెండూ చదివి మా తహసీల్దారు గారు ‘నా సర్వీసంతా ఈ రెండిట్లోనే గడిచింది’ అన్నారు.

ఇంకో సంగతి. ఇదంతా శ్లోకాల్లో ఉంది. డిజైను మాన్యువల్‌ను పద్యంగా చెక్కారు, అదీ రాతి మీద.

మా కాలనీలో చెరువే లేదు. మేం ఏం చూడాలి?

ముందు బస్సు బోర్డు చూడండి. నల్లకుంట, ఎర్రకుంట, తలాబ్‌కట్ట, బతుకమ్మకుంట. మాసబ్ ట్యాంక్ అసలు పేరు మాసాహెబా తలాబ్. చెరువు పోయింది, పేరు అరిగిపోయి బస్టాపుగా మిగిలింది. నగరంలో ఫైన్ ఆర్ట్స్ చదివే పిల్లలు రోజూ బస్సు దిగేది అక్కడే, ఒక పోయిన చెరువు పేరు మీద.

తర్వాత చెట్లు చూడండి. ఇది నాకు నేర్పింది ఒక వాచ్‌మన్ తాత. 2020లో నగరానికి తూర్పున ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. పేరులో ‘లేక్ వ్యూ’ ఉంది. ఫ్లాటు చూపించిన రోజు బ్రోకరు లేక్ ఎక్కడో చూపించలేకపోయాడు. అక్టోబరు 13 రాత్రి లేకే వచ్చి మమ్మల్ని చూసిపోయింది. సెల్లార్‌లో నా స్కూటర్ సీటు దాకా నీళ్లు. కరెంటు లేదు, మోటరు లేదు, అందరం మెట్ల మీద నిలబడి బిల్డర్‌ను తిడుతున్నాం. పాలమూరు నుంచి వచ్చిన ఆ తాత మాత్రం ప్రహరీ వెనక చూపిస్తున్నాడు: ‘గా ఈతచెట్లు జూడున్రి సారు. వరుస గుండ్రంగ వోతలేదా? గది కట్ట. మనం మత్తడి తోవల ఉన్నం.’ మత్తడి అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. రెండేళ్లుగా ఆ చెట్లను బాల్కనీలోంచి రోజూ చూశాను. కల్లు చెట్లనుకున్నాను, అంతే.

ఈత, తాటి, తుమ్మ ఒక వంపులో వరసగా ఉంటే అక్కడ కట్టో కాల్వో ఉండి ఉంటుంది. కట్ట మైసమ్మ గుడి కనిపిస్తే ఇంకా గట్టి గుర్తు. చుట్టూ ఎక్కడా నీళ్లు లేకపోయినా మైసమ్మ ఊరికే అక్కడ కూర్చోదు.

కార్తెల సామెతలు ఇప్పుడు పనికొస్తాయా? వానలే మారిపోయాయి కదా?

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయి. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర, ఆ రోజు హైదరాబాదులో చేపల మార్కెట్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’, అంటే సెప్టెంబరులో ఉత్తర కార్తె వచ్చినా వాన లేకపోతే ఇక ఆశ వదిలేసి గంప నెత్తిన పెట్టుకుని వలసపో అని.

ఇవి ఇప్పుడు తప్పుతున్నాయి. నా ఉద్దేశంలో తప్పడమే వాటి ఉపయోగం. సామెత ఒక కొలబద్ద. వాన దానికి ఎంత దూరం జరిగిందో తెలియాలంటే కొలబద్ద మన దగ్గర ఉండాలి. మాలో ఒకావిడ మూడేళ్లుగా కార్తె వారీగా వాన రాస్తోంది, పక్కన చిన్న బొమ్మలతో. మూడేళ్లతో ఏమీ తేలదని ఆమెకూ తెలుసు. ముప్పై ఏళ్లు రాస్తానంటోంది.

పాత తెలివి అంటూ పాత కులాన్ని కూడా వెనక్కి తెస్తారా?

ఈ ప్రశ్న ఒక డిగ్రీ విద్యార్థిని అడిగింది. అప్పటిదాకా మేం ‘మన పూర్వీకులు ఎంత గొప్పగా...’ అని మొదలుపెట్టేవాళ్లం. ఆ రోజు నుంచి మానేశాం.

చాలా ఊళ్లలో నీరటి పని చేసింది దళితులు. ఊరి పొలాలన్నింటికీ నీళ్లు పెట్టేది అతని చెయ్యే. ఆ చెయ్యి ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. అతనికి పంట మీద ఇన్ని గింజలని కొలిచి పెట్టేవారు, భూమి మాత్రం అతనిది కాదు. కట్ట నిలబడటానికి ఎవరినో బలి ఇచ్చారని తెలుగు ఊళ్లలో ఎన్నో చెరువులకు కథలుంటాయి. ఆ కథల్లో బలయ్యేది రాజుగారి కొడుకు కాదు. ఏ కోడలో, ఏ వెట్టివాడో. మైసమ్మగా కట్ట మీద మొక్కులు అందుకుంటున్నది ఆమేనేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ వేల మందితో నడిచి వెళ్లి, దళితులను తాకనివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఇక్కడ హిమాయత్‌సాగర్ పూర్తయింది కూడా ఆ ఏడాదే. మన పాఠాల్లో ఒకటి ఇంజనీరింగు కింద, ఒకటి సాంఘికం కింద వస్తుంది. రెండూ నీళ్ల చరిత్రే.

కాబట్టి పాతదంతా బంగారం అనేవాళ్లతో మాకు పడదు. వేదాల్లో అన్నీ ఉన్నాయనే పెద్దమనుషులు కొందరు నడకకు వచ్చి, మధ్యలోనే వెళ్లిపోయారు. తెలివిని ఎవరి దగ్గర నుంచి తీసుకుంటున్నామో వాళ్లకు పేరు, డబ్బు, కూర్చోవడానికి కుర్చీ దక్కకపోతే ఇది కూడా ఇంకో రకం దోపిడీయే.

దీనికి మంచి నమూనా దగ్గర్లోనే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కొర్ర, సామ, జొన్న లాంటి పాత విత్తనాలను కాపాడుతున్నారు. మంచు తడితోనే, నీళ్లు పెట్టకుండా పండే యాసంగి పంటలను వాళ్లు ‘సత్యం పంటలు’ అంటారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు, కెమెరాలు పట్టి సినిమాలు తీస్తున్నారు. ఏటా అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా జాతర చేస్తారు. వాళ్ల తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు. మైకు వాళ్ల దగ్గరే ఉంది.

మీరు వేసే పటం ఏమిటి? చేర్యాల బొమ్మలా?

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు వేసే పటాలు మీరు చూసే ఉంటారు. గోడకు తగిలించే చిన్న బొమ్మలు, ముఖాలు ఇప్పటి మార్కెట్ కోసం. అసలు పటం గజాల కొద్దీ పొడుగుండే బట్ట. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పూతలు పూస్తారు. దాని మీద కులపురాణాన్ని పైనుంచి కిందికి గడులుగా వేస్తారు. పటం నకాషీ వేస్తే, కథ చెప్పేవాళ్లు వేరే. కాకిపడగల వాళ్లకు వాళ్ల పటం, కూనపులి వాళ్లకు వాళ్ల పటం. రాత్రి ఊరు కూర్చుంటే పటాన్ని ఒక్కో గడి విప్పుతూ పాడతారు.

మేం తీసుకుంది ఆ విప్పడం ఒక్కటే. ఎందుకంటే మన చెరువులు కూడా గడులే. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాల్వలో పడి కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందికి. గొలుసుకట్టు అనేది అందుకే. మామూలు మ్యాపులో ఇది కనపడదు, నీలం మచ్చలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. పొడుగు బట్ట మీద గీసి పైనుంచి విప్పితే నీళ్లు దిగుతున్నట్టే ఉంటుంది. మొదటి గడిలో చెరువు, రెండో గడిలో నాలా, నాలా మీద ఫంక్షన్ హాలు, మూడో గడిలో మెకానిక్ షెడ్డు, దాని వెనక సగం కుంట. నాలుగో గడికి వచ్చేసరికి ఎక్కడ గొలుసు తెగిందో పిల్లలకు కూడా తెలిసిపోతుంది. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఆ వార్త చదివినప్పుడు కింద ఉన్నవాళ్లకు తమ పైన ఏ చెరువుందో గుర్తుందా అనిపించింది. ఈ పటం ఆలోచన అక్కడ మొదలైంది.

మొదటి పటం పోస్టర్ కలర్లతో వేశాం. ఒక తుంపర పడింది, నాలుగు గడులూ కలిసి ఒకటే చెరువయ్యాయి. తహసీల్దారు గారు ‘ఇదే అసలు రికార్డు’ అని నవ్వారు. తర్వాత చింతగింజల పిండి పూత నేర్చుకున్నాం. రెండు రోజులు నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టాలి. ఇల్లంతా వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లతో ముందే చెప్పుకోండి.

నకాషీల ఎర్ర నేపథ్యాన్నీ, వాళ్ల ముఖాలనూ మేం కాపీ కొట్టం. ఆ పనితనం కావాలంటే వాళ్లకే డబ్బిచ్చి వేయించుకోవాలి.

బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయట, నిజమేనా?

ఏటా దసరాకు ముందు వాట్సాప్‌లో ఇది వస్తుంది. మురుగు కలుస్తున్న చెరువును గునుగు పూలు బాగుచేయలేవు. బతుకమ్మను సైన్సు అని నిరూపిస్తేనే గౌరవం దక్కుతుందనుకోవడం కూడా వలసబుద్ధే కదా?

దాని విలువ ఇంకోచోట ఉంది. వానలు తగ్గుముఖం పట్టే వేళకు, చెరువులు నిండి ఉండాల్సిన వేళకు, ఊరి ఆడవాళ్లంతా కట్ట మీదికి వస్తారు. తొమ్మిది రోజులు. నీళ్లు ఎంతవరకు వచ్చాయి, మెట్లు బాగున్నాయా, ఈసారి దిగడానికి దారి ఎవరు మూసేశారు, అన్నీ కళ్లతో చూస్తారు. ఏ ప్రభుత్వమూ చేయించలేనంత పెద్ద తనిఖీ అది, పాటలతో సహా. పూలు కూడా లెక్క చెబుతాయి. తంగేడు బీడుభూమిలో, గునుగు చేలల్లో దానంతటదే మొలిచేది. ఇప్పుడు బీడు ప్లాట్లయింది, గునుగు కట్ట గుడిమల్కాపూర్ మార్కెట్లో కొంటున్నాం.

బొమ్మ వేస్తే నీళ్లు దక్కిన చోటు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

ఉంది. ఆస్ట్రేలియాలో గ్రేట్ శాండీ ఎడారి ఆదివాసులు తమ భూమి తమదేనని చెప్పడానికి 1997లో ఒక పెద్ద బట్ట మీద బొమ్మ వేశారు. దాదాపు ఎనిమిది మీటర్లు, పది మీటర్లు. పేరు న్గురారా కాన్వాస్. అందులో ఉన్నవి ఎక్కువగా నీటి చెలమలు, వాటి కథలు. విచారణ జరిగినప్పుడు ఒక్కొక్కరూ బొమ్మలో తమ చెలమ ఉన్న చోట నిలబడి సాక్ష్యం చెప్పారు. ఇంగ్లిషు కాగితాలు వాళ్ల దగ్గర లేవు, ఆ బొమ్మే కాగితం. 2007లో హక్కు వచ్చింది. పదేళ్లు పట్టింది, ఈలోపు కొందరు పెద్దవాళ్లు పోయారు. ఉత్తర ప్రాంతంలో యోల్ఙు ప్రజలు చెట్టు బెరడు మీద తమ సముద్రాన్ని గీసి చూపించారు. 2008లో ఆస్ట్రేలియా హైకోర్టు (ఆ దేశంలో అన్నిటికంటే పై కోర్టు అదే) తీరపు నీళ్ల మీద వాళ్ల హక్కును ఒప్పుకుంది.

దీనికి ఎదురుగా ఇంకో రకం కళ ఉంది. 2015లో పారిస్ వాతావరణ సదస్సు వేళ ఓలఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు గ్రీన్‌లాండ్ మంచుగడ్డలు పన్నెండింటిని తెచ్చి ఒక చౌరస్తాలో గడియారం మీది అంకెల్లా గుండ్రంగా పేర్చాడు. జనం వాటిని తాకారు, కౌగిలించుకున్నారు, అవి కరిగిపోయాయి. చూసినవాళ్లకు మనసు కదిలే ఉంటుంది. నాకు మాత్రం మొదటి రకమే దగ్గర. కరిగిపోయే మంచు కంటే కోర్టులో నిలబడే బట్ట మేలు.

నదికి మనిషిలా హక్కులివ్వడం?

న్యూజిలాండ్‌లో మావోరీలు ఒకటిన్నర శతాబ్దం పోరాడాక 2017లో వాంగనూయి నదికి చట్టం ఆ హోదా ఇచ్చింది. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకు ఇస్తే, కొన్ని నెలలకే సుప్రీంకోర్టు ఆపింది. మూసీకి హక్కులిస్తే ముందు అది అడిగేది స్నానం అని మా డ్రాయింగ్ టీచరు అంటుంది.

మెట్లబావులు బాగుచేస్తున్నారు కదా, అది చాలదా?

బాగుచేయడం మంచిదే. చెత్తతో నిండిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బావోలీల పనికి అదే ఏడాది యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. వెళ్లి మెట్లు దిగి చూడండి, ఒక్కో మెట్టుకూ చల్లదనం పెరుగుతుంది. కాని బావి ఒక్కటే ఉండదు. దాని ఊట చుట్టుపక్కల నేలలో ఉంటుంది. చుట్టూ సిమెంటు పోసి బావికి లైట్లు పెడితే సెల్ఫీకి బాగుంటుంది.

కూల్చివేతల మీద మీ వైఖరి ఏమిటి?

మాలో ఒక వైఖరి లేదు, గొడవలున్నాయి. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ పది కిలోమీటర్ల దాకా కట్టడాలను అదుపు చేసిన 1996 నాటి 111 జీవోలోని ఆంక్షలను తీసేస్తూ 2022లో ఇంకో జీవో ఇచ్చారు. 2024లో చెరువుల్లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మకుంటను 2025లో తవ్వితే మళ్లీ నీళ్లు నిలిచాయి. అది చూసి సంతోషపడ్డాను. శిఖంలో ప్లాట్లు వేసి అమ్మినవాణ్ణి వదిలేసి, అప్పు చేసి కొన్నవాడి ఇల్లు మాత్రం పడగొడితే సంతోషపడలేను.

గణేశ్ విగ్రహాల గురించి మాట్లాడరేం?

మాట్లాడతాం. మట్టితో చేసి, ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజించి, నీళ్లలో కలిపేయడం కంటే నీటి కళ ఏముంటుంది? ప్లాస్టర్ వచ్చాక కలపడం పోయి పారేయడం మిగిలింది. ఖైరతాబాద్‌లో 2022లో యాభై అడుగుల విగ్రహాన్ని మొదటిసారి మట్టితో చేశారు. యాభై అడుగులకు సాధ్యమైంది మన గల్లీ ఐదడుగులకు ఎందుకు కాదు?

ఫొటోలు తీసి పెడితే సరిపోదా?

తీయండి. కాని ఫొటో మీరు చూసినదాన్నే చూపిస్తుంది. బొమ్మ వేయాలంటే చూడనిది కూడా పక్కవాళ్లను అడగాలి.

నడకకు ఏం తెచ్చుకోవాలి? వాన పడితే?

నీళ్ల సీసా, టోపీ, బురదయినా ఫర్వాలేదనుకునే చెప్పులు. రంగులు, బట్ట మా దగ్గర ఉంటాయి. పిల్లల్ని తీసుకురండి, కట్ట అంచుల దగ్గర చెయ్యి వదలకండి. వచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కటి అడిగి రండి: వాళ్ల చిన్నప్పుడు నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవి, ఎవరు మోసేవాళ్లు, ఆ బావి దగ్గరికి ఎవరిని రానిచ్చేవాళ్లు కాదు. ఆఖరిది అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది. చెప్పడానికి వాళ్లకూ ఇబ్బందే. అయినా అడగండి.

వాన పడితే నడక రద్దు చేయం. నీళ్లు ఎటు పోతాయో చూపించేది ఆ రోజే. ఉరుములు మెరుపులుంటే మాత్రం దగ్గర్లో ఏ హోటల్‌లోనో కూర్చుని చాయ్ తాగుతాం, చాయ్ డబ్బులు ఎవరివి వాళ్లవే.